పటములోని పండు, పెరటిలోని చెట్టు

అతిశయోక్తి కవికి అలంకారము. రాజు కీర్తిచే మూడు లోకములును తెల్లనైనవని కవి చెప్పగా విని, తన ఇంటిగోడకు సున్నము వేయించుట మానుకొన్నవాడు లేడు. అది అలంకారమని చెప్పువానికిని తెలియును, వినువానికిని తెలియును. కాబట్టి అందు మోసము లేదు. ఆ అతిశయోక్తినే వర్తకుడు తన సరకునుగూర్చి పలికినపుడు దాని స్వభావము మారునా? మారినచో ఏ హద్దువరకు అది పొగడ్త, ఏ హద్దు దాటినచో అది అబద్ధము? ప్రశ్న చిన్నదిగా తోచును. కాని గృహస్థుడు దినమునకు పదిసార్లు ఎవరిదో యొక ప్రకటనను చదువుచున్న ఈ కాలమున దీనికి సమాధానము చెప్పుకొనక తప్పదు. మేమిచ్చట పెద్ద వ్యాపారములను పట్టుకొనక, ఒక చిన్న పండును పట్టుకొని దీనిని విచారింపదలచితిమి.

ఆ పండు పేరు బ్లూబెర్రీ. నేరేటిపండు రంగు గలిగి, శనగగింజకంటె కొంచెము పెద్దదిగానుండు అమెరికా దేశపు పండు. నగరములందలి పెద్ద దుకాణములలో చిన్న డబ్బాలలో పెట్టి అమ్ముచున్నారు; వెల ఎక్కువ. అంత వెల పెట్టి కొనుటకంటె ఇంటిలోనే పెంచుకొనరాదా యని గృహిణులకు తోచుట సహజము. ఆ కోరికను కనిపెట్టియే ప్రకటనలు సిద్ధముగానున్నవి. చేతిలోని ఫోనులో పటము చూచి, వేలితో నొక్కినంతనే మొక్క ఇంటికి వచ్చును. పటములో జానెడు కుండీ, దానిలో మూరెడు మొక్క, ఆకులకంటె పండ్లే ఎక్కువ. క్రింది మాటలు ఇంచుమించుగా ఇట్లుండును: ఏ నేలలోనైనను పెరుగును, ఏడాది పొడవునను కాయును, తొలియేటనే గంపెడు పండ్లు, పోషణ అక్కరలేదు. ఆ ప్రక్కనే నీలిరంగు స్ట్రాబెర్రీ విత్తనములు, ఒకే పువ్వున ఏడు రంగులుగల గులాబి విత్తనములు కూడ అమ్మకమునకున్నవి. నీలి స్ట్రాబెర్రీ లోకమున లేదు. ఏడు రంగుల గులాబి కోసిన పువ్వును రంగునీటిలో నిలిపి చేసినది. ఏ చెట్టునను పూయునది కాదు. ఇట్టివి నిండు అబద్ధములు గనుక వీనిగూర్చి విచారింపవలసినది లేదు. బ్లూబెర్రీ సంగతి అట్లు గాదు. ఆ చెట్టు నిజమైనది. కుండీలో పెరుగుట నిజము. విరివిగా కాయుటయు నిజమే. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ముందుగా ఆ చెట్టు స్వభావమును తెలిసికొందము. ఉత్తర అమెరికా తూర్పు భాగమున పుల్లని బురదనేలలలోను, దేవదారుజాతి చెట్ల నీడలలోను పుట్టిన పొద యది. ఇరువదవ శతాబ్దివరకు దానిని తోటలో పెంచినవారు లేరు, అడవిలో ఏరుకొనుటయే. సారవంతమైన నేలలో, పశువుల ఎరువు వేసి, శ్రద్ధగా సాకినకొలదియు అది చచ్చుచుండెను. అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖలోని ఫ్రెడరిక్ కోవిల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి కారణము వెదకి, ఆ మొక్కకు ఆమ్లగుణముగల నేల కావలెనని 1910లో ప్రకటించెను. అది చదివి న్యూజెర్సీలోని ఎలిజబెత్ వైట్ అను వనిత ఆయనకు తోడుపడెను. అడవిలో పెద్దకాయలుగల పొదలు చూపినవారికి బహుమానములిచ్చి, మంచి పొదలను చేర్చి, ఇరువురును కలిసి పెంచిన పంట 1916లో తొలిసారి అమ్మకమునకు వచ్చినది. సారమైన నేల చెడ్డది, పేదనేల మంచిది యను వింత స్వభావముగల మొక్క గనుకనే దానిని లొంగదీయుటకు అంత పరిశ్రమ పట్టినది.

నేల ఆమ్లగుణమును పీహెచ్ అను కొలతతో చెప్పుదురు. 7 మధ్యస్థము, అంతకు తగ్గినచో ఆమ్లము, మించినచో క్షారము. బ్లూబెర్రీకి 4.5 మొదలు 5.5 వరకు కావలెను. 7 నుండి 5కు దిగుట రెండు మెట్లని తోచును గాని, ఈ కొలతలో ఒక్కొక్క మెట్టు పదిరెట్లు. అనగా నూరు రెట్ల భేదము. మన రేగడినేల సున్నముతో కూడినది, క్షారమువైపే మొగ్గును. బోరునీరు గట్టినీరు, పోసినకొలదియు కుండీలోని మన్నును క్షారమువైపునకే లాగును. ఇంతేగాక ఆ మొక్క శీతకాలమున నిద్రపోవలెను. పాతరకములకు 7 డిగ్రీలకు లోపుగా దాదాపు 800 మొదలు 1,000 గంటల చలి కావలెను. వేములవాడలో పుష్యమాసపు తెల్లవారుజామున సయితము ఎండుగడ్డి మంట వేసికొని కూర్చుందుమే గాని, అంత చలి నెలలతరబడి ఎన్నడు నుండును? వేసవిలో 43, 44 డిగ్రీల ఎండ సంగతి చెప్పనక్కరలేదు. తక్కువ చలితో కాయు రకములను ఫ్లారిడా విశ్వవిద్యాలయమువారు ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున సిద్ధపరచినమాట నిజమే. అట్టి రకములచేతనే పెరూ దేశమువారు సముద్రతీరపు ఎడారిలో, బొట్టుబొట్టుగా నీరును ఎరువును కొలిచి పోయుచు, ప్రపంచమునకు ఎగుమతి చేయుచున్నారు. కాని ప్రకటనలోని మొక్క ఏ రకమో ప్రకటనలో నుండదు.

మా వీధిలోని ఒక యిల్లాలు ఇట్టి మొక్కను తెప్పించినది. ఫాల్గుణమున వచ్చినది. ఆమె దానికి మంచి మన్ను పెట్టినది, పేడయెరువు వేసినది, పురుగు పట్టకుండ పొయ్యిబూడిద చల్లినది, ఉదయము సాయంకాలము బోరునీరు పోసినది. ఒక తల్లి బిడ్డకు చేయుపాటి సేవ చేసినది. చైత్రము వచ్చునప్పటికి ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా నిలిచినవి, వైశాఖమున మోడైనది. మేము పరామర్శింపగా ఆమె యన్నమాట: “మొక్కది తప్పేమున్నది సార్, నా చెయ్యే మంచిది కాదు.” ఆ మాట మాకు మరపునకు రాదు. బూడిద క్షారమనియు, ఆమె ఎంత శ్రద్ధచేసిన ఆ మొక్కకు అంత కీడు జరిగినదనియు ఆమెకు ఎవరును చెప్పలేదు. అమ్మినవానికి ఆ సంగతి తెలియకుండునా? ఆమె నష్టపడినది కొలదిపాటి రూకలు, అది పోనిండు. అబద్ధము ఆమె సొమ్ముతో తృప్తిపడక, ఆమెకు తన చేతిపైగల నమ్మకమును కూడ తీసికొనిపోయినది. అతిశయోక్తి చేయు కీడులలో ఇది రెండవది. మొదటిదానికంటె ఇదియే పెద్దది. మాట తప్పినవాడు సుఖముగానుండగా, నమ్మినవారు తమ్ముతాము నిందించుకొందురు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. “తన పెరుగు పుల్లనిదని చెప్పుకొను గొల్లయెవడు? బేరమన్న తరువాత పొగడ్త ఉండదా? మీ శివరాత్రి జాతరలో బొమ్మలవాడును, చెరకుగడలవాడును గొంతు చించుకొని పొగడుట లేదా?” యని. నిజమే. జాతరలో జామపండ్లమ్మ తన పండు తేనెకంటె తీపియని కేకవేయును. కాని ఆమెయే ఒక ముక్క కోసి మన చేతిలో పెట్టును. మాటకును పరీక్షకును నడుమ జానెడు దూరము. తీపి లేనిచో మనము నవ్వి, ముందుకు సాగుదుము; ఆమెయు నవ్వును. ఆమె రేపును అక్కడనే కూర్చుండవలెను. అట్టిచోట అతిశయోక్తి కేవలము పిలుపు. అది కవి యలంకారమునకు చుట్టమే.

తపాలాలో మొక్కనమ్మువాని మాట అట్లు గాదు. ఆ మొక్క మంచిదో చెడ్డదో తెలియుటకు రెండు మూడు వత్సరములు కావలెను. నిండుకాపునకు ఆరేడు వత్సరములు కావలెను. అప్పటికి అమ్మినవాని పేరు మారియుండును, చిరునామా మారియుండును. కొన్నవాడు రుచి చూచి కొనలేడు, చూచిన తరువాత తిరిగి యీయలేడు. మాటకును పరీక్షకును నడుమ దూరము పెరిగినకొలదియు వినువానికి మిగులు ఆధారము మాట యొక్కటియే. కావున ఆ దూరము ఎంత యెక్కువైన, చెప్పువాని బాధ్యత అంత యెక్కువ కావలెనని మా సిద్ధాంతము. పొగడ్తకును అబద్ధమునకును గల హద్దు మాటలలో లేదు. వినువాడు ఆ మాటను పరీక్షింపగలిగియున్నాడా లేడా యనుటలో నున్నది.

“మేమన్నదంతయు నిజమే గదా, కాయు చెట్టునే కాయునన్నాము” అని కొందరు తప్పించుకొందురు. ఆ వాదము మనకు క్రొత్తది కాదు. కురుక్షేత్రమున ధర్మరాజు పలికిన మాటలో అక్షరము అక్షరమును నిజమే; చచ్చినది ఏనుగని కూడ ఆయన చెప్పెను. కాని ద్రోణునికి వినబడవలసిన భాగము వినబడకుండ చెప్పెను. ఆనాటివరకు నేలకు నాలుగంగుళముల మీద నడచుచుండిన ఆయన రథము నేలనంటినదని భారతము చెప్పుచున్నది. ఏ నేలలో, ఎంత చలిలో, ఎన్నేండ్లకు అను మాటలను మింగి, ‘విరివిగా కాయును’ అను మాటను మాత్రమే పెద్ద అక్షరములతో ముద్రించువాని రథము ఎచ్చట నుండునో చదువరులే ఊహింపవచ్చును.

ఆధునిక ధర్మశాసనములును ఈ త్రోవనే నడచినవి. 1891లో ఇంగ్లండున ఒక కంపెనీవారు తమ పొగగోళమును పీల్చినవారికి ఇన్‌ఫ్లుయెంజా వచ్చినచో 100 పౌనులు ఇత్తుమని ప్రకటించి, తమ నిజాయితీకి గురుతుగా 1,000 పౌనులు బ్యాంకులో ఉంచితిమని వ్రాసిరి. కార్లిల్ అను ఇల్లాలు చెప్పినట్లు వాడినను జ్వరము తెచ్చుకొని సొమ్మడుగగా, అది వట్టి పొగడ్తయేగాని వాగ్దానము కాదని వాదించిరి. 1892లో అప్పీలు న్యాయస్థానము ఆ వాదమును త్రోసివేసినది. మనదేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము మరియొక అడుగు ముందుకు వేసి, ముఖ్యమైన సంగతిని బుద్ధిపూర్వకముగా దాచుటను కూడ తప్పుదారి పట్టించు ప్రకటనలలోనే చేర్చినది. తొలితప్పునకు 10 లక్షలవరకు జరిమానా వేయు అధికారమును కేంద్రప్రాధికార సంస్థకు ఇచ్చినది. మౌనమును సయితము అబద్ధముగా లెక్కించిన ఈ నిర్ణయము శ్లాఘనీయము. ఐనను కొలదిపాటి మొక్కకై వ్యాజ్యెమునకు పోవు గృహస్థుడెవడు? చట్టము చేరని చోటికి వివేకము చేరవలెను.

పేరుప్రతిష్ఠలున్నవాని మాట నమ్మినచో చాలునా? చాలదనుటకు ఒక చరిత్ర కలదు. కాలిఫోర్నియాలోని లూథర్ బర్బాంక్ క్రొత్త ఆలుగడ్డను, క్రొత్త రేగుజాతి పండ్లను, పూలను సృష్టించి జగద్విఖ్యాతుడైనవాడు. ఆయన తాను సాధించిన ఒక నల్లని పండ్ల మొక్కకు సన్‌బెర్రీ యని పేరిడి న్యూయార్కులోని జాన్ లూయీ చైల్డ్స్ అను విత్తనవర్తకునికి అమ్మెను. చైల్డ్స్ దానికి వండర్‌బెర్రీ, అనగా అద్భుతఫలము, అని పేరు మార్చి, బ్లూబెర్రీతో పోల్చి పొగడుచు 1909లో దేశమంతట తపాలాలో విత్తనములమ్మెను. రూరల్ న్యూయార్కర్ అను వ్యవసాయపత్రిక సంపాదకుడు కాలింగ్‌వుడ్ ఇది కామంచి తప్ప వేరు గాదని వ్రాసెను. అట్లని రుజువు చేసినవారికి 10,000 డాలర్లు ఇత్తునని బర్బాంక్ పందెము కాచెను. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని కామంచికి దగ్గరి చుట్టమైన మరియొక జాతిగా నిర్ణయించిరి. మన కంచెల వెంబడి దానంతటదియే మొలచి, పిల్లలు పండినవి ఏరుకొని తిను కామంచి! దాని చుట్టమని చెప్పినచో ఎవడు కాసు ఇచ్చును? అద్భుతఫలమనగానే లోకము ఎగబడినది. బర్బాంక్ గొప్పవాడగుట అబద్ధము గాదు. కాని ఆయన పేరు ఆ మొక్కకు పరీక్ష గాదు.

మన నైయాయికులు ఎవని మాట ప్రమాణమో ఏనాడో చెప్పిరి. వస్తువును ఉన్నదున్నట్లు తాను తెలిసికొన్నవాడును, తెలిసినదానిని తెలిసినట్లు చెప్పగోరువాడును ఆప్తుడని వాత్స్యాయనుని భాష్యము. ఋషియైనను, ఆర్యుడైనను, మ్లేచ్ఛుడైనను ఈ లక్షణము ఒక్కటేయని కూడ ఆయన చెప్పెను. ఇది మిక్కిలి ఉదారమైన మాట. కులమును, బిరుదును, ప్రఖ్యాతిని, పటములోని అందమును చూడవద్దు. తెలిసియున్నాడా, దాచకున్నాడా యని మాత్రమే చూడుమని దీని తాత్పర్యము. ఈ కొలతతో చూచిన, “ఈ మొక్క మీ ఊరి ఎండకు నిలువదు, కొనకుడు” అని చెప్పగల చిన్న నర్సరీవాడు ఆప్తుడు. వేయిమంది మెప్పు చూపించి నేలసంగతి దాచిన పెద్దసంస్థ ఆప్తము గాదు.

ఒక కుండీలోని మొక్కకు ఇంత చర్చయా యని నవ్వువారుందురు. కాని ఈ భాష కుండీలోనే నిలుచుట లేదు. 1990 తరువాతి పదేండ్లలో టేకుమొక్కల కంపెనీలు, ఇరువదేండ్లకు ఇన్ని రెట్లని ఆశచూపి, మధ్యతరగతివారి పొదుపులను కూడబెట్టినవి. పెక్కు కూలిన పిమ్మట 1999లో సెబీ నియమములు చేయవలసివచ్చినది. పత్తివిత్తనపు పొట్లముపై బొమ్మయు బ్లూబెర్రీ పటమువంటిదే. అందును నేలకంటె కాయలే ఎక్కువ. 1997–98లో వరంగల్లు ప్రాంతమున పత్తి పురుగుపాలై, పనిచేయని మందులు, అప్పులు అన్నియు కలిసి ఎందరో రైతుల ప్రాణములు తీసినవి. పంట చెడిన రైతుతోను మొదట చెప్పుమాట ఒక్కటే: నీవు సరిగా సాగుచేయలేదు. మా వీధి యిల్లాలు తన చేతిని తాను నిందించుకొన్నట్లే అతడును నిందించుకొనును. ఆమెకు పోయినది ఒక మొక్క; అతనికి పోవునది ఒక సంవత్సరము. మాటకును పరీక్షకును నడుమ ఒక పంటకాలము, అందులో ఒక కుటుంబపు జీవనము ఇమిడియున్నపుడు, అతిశయోక్తిని బేరపుమాటయని ఊరకుండుట పాపము.

ఇంత వ్రాసితిమని విదేశపు మొక్కలన్నిటిని వెలివేయవలెనని మా అభిప్రాయము గాదు. మనము మనవనుకొను జామ, సీతాఫలము, బొప్పాయి, మిరప కూడ అమెరికా ఖండమునుండి వచ్చినవే. అవి ప్రకటనచే గాక, మన యెండకును మన నేలకును సరిపడి నిలిచినవి. బ్లూబెర్రీని సరదాకు పెంచదలచినవారు పెంచుకొనవచ్చును. దానికి చేయవలసినది దాచక చెప్పెదము. తక్కువ చలి కోరు రకములను పేరు అడిగి రెండింటిని కొనవలెను. రెండు రకములున్న కాపు మేలు. కుండీ పెద్దదిగానుండవలెను. తోటమన్నును బొత్తిగా విడిచి, పీహెచ్ చూచుకొని ఆమ్లపు మిశ్రమమును నింపవలెను. గంధకము వేసిన అది పనిచేయుటకు నెలలు పట్టును. బోరునీటికి బదులు పట్టియుంచిన వాననీరు పోయవలెను. బూడిద, సున్నము చేరనీయరాదు. వేసవిలో నీడవల కట్టవలెను. ఇంత చేసినను గుప్పెడు పండ్లు రావచ్చును, రాకపోవచ్చును. ఈ మాటలు ప్రకటనలో నున్నయెడల మాకు ఫిర్యాదు లేదు. కొనువాడు తెలిసి కొన్నట్లగును. నీలివన్నె పండే కావలెనన్న, ఆ వన్నెనిచ్చు ద్రవ్యములజాతియే మన నేరేటను కలదు. నేరేటి అంటుమొక్క మన ఊరి ఎండను చూచి భయపడదు.

కావున గృహస్థులకు మా విన్నపము ఇది. ప్రకటన చదివినపుడు పటమును చేతితో కప్పి, మాటలను మాత్రము చదువుడు. ఇది ఏ రకము? ఏ నేల, ఎంత చలి కోరును? ఎన్నేండ్లకు కాయును? మనకు దగ్గరలో ఎవరి పెరటిలోనైన కాచినదా? చచ్చినచో బాధ్యులెవరు? ఈ అయిదింటికి ఉత్తరము లేనిచోట రూకలు విడువకుడు. పిల్లలచేతను ఇట్లు చదివింపుడు. పద్యములోని అతిశయోక్తిని గుర్తించుట బడిలో నేర్పుచున్నాము. ప్రకటనలోని అతిశయోక్తిని గుర్తించుట నేర్పనిచో ఆ అలంకారశాస్త్రము సగమే చెప్పినవారమగుదుము.

వర్తకులకును ఒక మాట. మా ఊరిలో రాజన్నకు కోడెను మ్రొక్కినవారు కోడెనే తెచ్చి కట్టుదురు. మేకను తెచ్చి, దీనికిని నాలుగు కాళ్లున్నవి గదా యని వాదించినవానిని మేము చూడలేదు. పలికిన మాటకు సరిపడు వస్తువును చెల్లించుట ఇచ్చటి పేదసాదలకును తెలిసిన ధర్మము. ఎదుట లేని దేవునియెడల చూపు ఈ నిజాయితీని, ఎదుట లేని కొనుగోలుదారునియెడలను చూపుడు. దూరముననున్న ఇల్లాలు మీ మాటను నమ్మి కుండీలో మన్ను నింపుచున్నది.